సియెరాను ఆపింది ఇంజను కాదు, లేని వెనక తలుపు

టాటా సియెరా లాంటి షోకైన రెండు తలుపుల బండిని తయారు చేయడం ఎందుకు ఆపేశారని ఒకరు అడిగారు. మైలేజీ అనీ, ధర అనీ చాలామంది చెబుతారు. వాళ్లెవరూ దాని వెనక సీట్లోంచి ముసలివాళ్లను దించి ఉండరు.

మాకు ఆ బండి ఉండేది. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్లో పని. 1998లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. టాటా వాళ్లదే టెల్కోలైన్ అనే పికప్ బండి ఛాసిస్ మీద కట్టి 1991లో తెచ్చిన మోడల్ అది. 1948 సీసీ డీజిల్ ఇంజను, డిక్కీ డోరుకు స్టెప్నీ. వెనక పక్క అద్దాలు తెరుచుకోవు గానీ కప్పు మీదికి వంపు తిరిగి ఉండేవి. వారధి మీద పోతుంటే కృష్ణలో ఇసుక తిన్నెలూ పైన మబ్బూ ఒకే అద్దంలో కనపడేవి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అంత అందమైన కిటికీ మళ్లీ ఏ కార్లోనూ చూడలేదు.

ఆ మే నెలలో గుంటూరు బ్రాడీపేటలో మా అత్తయ్య కూతురి పెళ్లి. పెద్దరికం కాబట్టి ముందు సీటు పెదనాన్నది. వెనక నాయనమ్మ, అమ్మ, అత్తయ్య, అమ్మ ఒళ్లో నేను. ఎవరు దిగాలన్నా ముందు పెదనాన్న దిగాలి, సీటు మడవాలి, ఆ సందులోంచి ఒంగి రావాలి. పెదకాకాని గుడి దగ్గర నాయనమ్మ దణ్ణం పెట్టుకుంటానంది. మోకాళ్ల నొప్పుల పెదనాన్న దిగాడు, ఆవిడను దించాడు, ఎక్కించాడు. మండపం ముందు మళ్లీ అదే. సన్నాయి మోగుతోంది, పన్నీరు బుడ్డి పట్టుకుని పిల్లలు నిలబడ్డారు. నాయనమ్మ పట్టుచీర కొంగు సీటు లివరుకు పట్టుకుని చిరిగింది. అది తాతయ్య కొన్న చీర. డోరు పట్టుకుని అలాగే నిలబడి, "ఒరే, ఇది కారంట్రా, ధాన్యం గాదె! దిగేదానికి దోవ లేదు" అంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. దసరా లోపలే బండి అమ్మేసి సుమో తెచ్చాడు.

ఇదే కథ ఊరూరా జరిగిందని నా గట్టి అభిప్రాయం. 1994లో సుమో వచ్చింది. పదిమందిని ఎక్కించుకునే బండి పక్కన ఇది ఎలా నిలుస్తుంది? 1998లో అదే కంపెనీ సఫారీకి వెనక తలుపులు పెట్టింది. 2003 నాటికి సియెరా తయారీ ఆగిపోయింది. అంతకుముందు స్టాండర్డ్ హెరాల్డ్ సంగతీ అంతే. ఇంగ్లండులో రెండు తలుపులతోనే నడిచిన ఆ కారుకు మద్రాసులో నాలుగు తలుపులు పెట్టాల్సి వచ్చింది. మొన్నమొన్నటి కరెంటు కారు మహీంద్రా ఈ2ఓ కూడా రెండు తలుపులతో వచ్చి, 2016లో నాలుగు తలుపుల ఈ2ఓ ప్లస్ అయింది. మన దగ్గర కారు ఒక్కడి సరదా కాదు. అమ్మమ్మ ఎక్కాలి, కొత్త కోడలు ఎక్కాలి, సారె బుట్టలు ఎక్కాలి.

పార్కింగు సంగతీ చెప్పాలి. రెండు తలుపుల బండికి తలుపు పొడుగు. విజయవాడ గవర్నర్‌పేట సందుల్లో రెండు బండ్ల మధ్య ఆపితే ఆ తలుపు సగం కూడా తెరుచుకోదు. రోడ్డంతా బైకులు అడ్డంగా పెట్టి పోయేవాళ్లను అడిగేవాడు లేడు, కార్ల వాళ్లే ఒదిగి ఒదిగి దిగాలి. బీసెంట్ రోడ్డు వైపు పండగ రోజుల్లో వెళ్లి చూడండి, నా బాధ అర్థమవుతుంది.

2025లో కొత్త సియెరా వచ్చింది. ఫొటో మా నాన్నకు ఫోన్లో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"వెనక డోర్లు పెట్టారా?"

"పెట్టారు నాన్నా."

"మరి అది సియెరా ఎట్టా అవుద్దిరా," అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.