సుభాషితం, శుభాషితం, పరాయణం, పారాయణం

సందేహం: మా బడిలో ప్రార్థన వేళ నల్లబల్ల మీద రోజుకొక మంచి మాట రాయిస్తున్నాం. పైన 'నేటి శుభాషితం' అని ఉంటుంది. అది 'సుభాషితం' అని ఒక మాస్టారు దిద్దారు. శుభం కలిగించే మాట కనుక శుభాషితమే సరి అని ఇంకొకరి వాదం. ఏది ఒప్పు? 'మంచి సూక్తి' అనవచ్చా? సామెతలనూ ఆ శీర్షిక కింద రాయవచ్చా? మొన్న 'ఒరులేయవి యొనరించిన' పద్యం రాయిస్తే, 'ఇతరులే మనకు చెడు చేస్తారు' అని ఒక పిల్లవాడు అర్థం చెప్పాడు. ఆ 'ఒరులే'ను ఎలా విడగొట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: దిద్దిన మాస్టారిదే ఒప్పు. సు + భాషితం = సుభాషితం, బాగా పలికిన మాట. 'శుభాషితం' కావాలంటే శుభ + ఆషితం అని విడగొట్టాలి. 'ఆషితం' అనే మాటే లేదు. శుభ శబ్దమే పెట్టాలనుకుంటే 'శుభభాషితం' అవుతుంది, రెండు భకారాలతో. ఈ తప్పు ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. శుభాకాంక్షలు, శుభాశీస్సులు, శుభోదయం రాసి రాసి అలవాటైన చేయి ఇక్కడా 'శు' వేస్తుంది. భర్తృహరిని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి తన గ్రంథానికి 'సుభాషిత రత్నావళి' అని పేరు పెట్టాడు. ఆ ఒక్క పేరు పిల్లలకు గుర్తుంటే చాలు, అక్షరం తప్పదు. బడి గోడ మీద తప్పు రాస్తే వందమంది పిల్లలు దాన్నే ఒప్పుగా నేర్చుకుంటారు. రేపే చెరిపించండి.

సూక్తి కూడా ఆ కోవదే. సు + ఉక్తి, సవర్ణదీర్ఘం. వచ్ ధాతువులోని వకారం ఉకారమై ఉక్తి అయింది. యజ్ ఇష్టి అయినట్టు, స్వప్ సుప్తి అయినట్టు. 'మంచి' అనే అర్థం 'సు'లోనే ఉంది కనుక, కచ్చితంగా చూస్తే 'మంచి సూక్తి'లో మంచి రెండుసార్లు వచ్చింది. నేనైతే రాయను. కాని సూక్తి ఇప్పుడు ఒక రకం వాక్యానికి పేరుగా స్థిరపడింది. పది సూక్తుల్లో మేలైనది అనే భావంతో ఎవరైనా 'మంచి సూక్తి' అంటే ఎర్రసిరాతో కొట్టేయాల్సినంత దోషమని కూడా అనను. 'స్ఫూర్తి'ని 'స్పూర్తి' అని రాయడం మాత్రం ఒప్పుకోరానిది. ఫకారానికి ఒత్తు ఉండి తీరాలి.

ఇక మీరడిగిన పద్యం. నెల్లూరు సీమలో ఉండి తిక్కన పద్యాన్ని బల్లమీదికి ఎక్కించారంటే సంతోషంగా ఉంది. మనుమసిద్ధి కొలువులో, పెన్న ఒడ్డున ఉండి విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసిన మహాకవి మాట అది.

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము దన మనంబున కగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

పిల్లవాడు తడబడింది 'ఒరులే' దగ్గర. అక్కడ ఏకారం అవధారణం కాదు, 'వాళ్లే' అన్న నొక్కు లేదు. ఒరులు + ఏయవి. ఏ + అవి యడాగమంతో ఏయవి, అంటే ఏవి, ఏ పనులు. ఒరులు అంటే ఇతరులు. ఈ మాట మన నోళ్లలో పోయింది గాని, పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన తడ, సూళ్లూరుపేట వైపు పిల్లలకు 'ఒరువన్' అనే తమిళ మాట చెవిన పడే ఉంటుంది. అక్కడ ఒరువన్ ఒకడు, ఇక్కడ ఒరుడు మరొకడు. చుట్టరికం కనిపిస్తూనే ఉంది. 'నరవర' రాజును పిలిచే పిలుపు, దాన్ని తాత్పర్యంలోకి లాగకూడదు. రెండో పాదం చివరి 'దా', మూడో పాదం మొదటి 'నొ' కలిస్తేనే 'తానొరులకు'. పాదం అయిపోయిందని అక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం తెగిపోతుంది.

అన్వయం ఇది: ఒరులు ఏవి ఒనరిస్తే తన మనసుకు అప్రియం అవుతుందో, వాటిని తాను ఒరులకు చేయకుండా ఉండటమే పరమధర్మ మార్గాలన్నిటికీ పరాయణం.

'సేయకునికి' దగ్గర కాసేపు ఆగాలి. చేయక + ఉనికి. మను ధాతువుకు మనికి, వినుకు వినికి ఎలాగో, ఉండుకు ఉనికి అలాగ. ఈనాడు ఉనికి అంటే 'సంఘం ఉనికి ప్రమాదంలో పడింది' అనే పత్రికల మాటే గుర్తుకొస్తుంది. తిక్కన నాటికి అది ఉండటం అనే అర్థంలో మామూలు మాట. ఒకసారి మానుకోవడం కాదు ఆయన చెప్పింది, మానుకొని ఉండటం. తూకంలో యాభై గ్రాములు తగ్గించి ఇస్తే మనకు మండుతుంది. మనం తూచే వేళ ఆ మంట గుర్తుండాలి. కొలత ఎక్కడుందో చూడండి: 'తన మనంబునకు'. శాస్త్రం తెరవక్కర్లేదు, పెద్దల్ని అడగక్కర్లేదు. రోజువారీ బతుకులో పనికొచ్చే సూక్తికి ఇంతకన్నా ఏం కావాలి?

నాకు అన్నిటికన్నా ప్రియమైన మాట 'పరాయణము'. పర + అయనం. ముందున్న రేఫ (రకారం) వల్ల నకారం ణకారమైంది. అయనం నడక, దారి. ఉత్తరాయణంలో ఉన్నది ఇదే. పరాయణం అంటే చివరికి చేరుకునే చోటు, పరమాశ్రయం. వెంటనే 'పథముల కెల్లన్' అన్నాడు. దారులన్నీ చెప్పి అవి చేరే చోటు చూపించాడు. సంస్కృతపు మాటలోని దారిని తెలుగు వాక్యంలో మళ్లీ నడిపించిన నేర్పు అది. దీన్ని 'పారాయణము' అని రాసేవాళ్లు, చదివేవాళ్లు ఎక్కువయ్యారు. పారాయణం వేరు, పార + అయనం, ఒడ్డుదాకా పోవడం, గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడం. సత్యపరాయణుడు అంటే సత్యాన్నే పట్టుకున్నవాడు గాని సత్యాన్ని చదివేవాడు కాదు.

తప్పును పట్టుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు, ఛందస్సు చాలు. ఇది కందపద్యం. కందంలో ప్రతి గణం నాలుగు మాత్రలు (మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికేంత సేపు). బేసి పాదంలో మూడు గణాలు, సరి పాదంలో అయిదు; సగం పద్యానికి ముప్పైరెండు, మొత్తం అరవై నాలుగు. పిల్లల చేత నాలుగు మాత్రలకొక చప్పట కొట్టిస్తూ చదివించండి: ఒరులే – యవియొన – రించిన. నాలుగో పాదం: పరాయ – ణముపర – మధర్మ – పథముల – కెల్లన్. 'పారాయ' అన్నారంటే మొదటి గణం అయిదు మాత్రలై చప్పట తప్పుతుంది. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ రేఫే: రు, ర, రు, రా. బల్లమీద ఆ నాలుగింటికీ రంగు సుద్ద వేయించండి. యతికి, అంటే పాదం మొదటి అక్షరానికి లోపల కుదిరే అక్షరానికి, రెండో పాదంలో న–నం, నాలుగో పాదంలో ప–ప. ఈ కట్టుబాటు వల్లనే పద్యం ఏళ్ల తరబడి నోట నిలుస్తుంది.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే వాక్యాలకు ఈ కట్టు లేకపోతే పోనీ, తెలుగు నుడికారమైనా ఉండాలి కదా. 'మీ యొక్క కలలను వెంబడించండి' అని రాస్తున్నారు. తెలుగులో వెంబడించేది దొంగను; కలను పండించుకుంటాం, నిజం చేసుకుంటాం. 'మీ కలలు' అంటే సరిపోయే చోట 'యొక్క' ఎందుకు? ఎవరన్నారో తెలియని మాట కింద ఒక మహనీయుడి పేరు తగిలించడం ఇంకా పెద్ద తప్పు. ఎక్కడిదో మీకు తెలియని వాక్యానికి పేరు లేకుండా వదిలేయండి.

సామెత సంగతి. సామ్యం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు: ఒక సందర్భాన్ని మరొకదానితో పోల్చేది. అది ఉపదేశమే కానక్కర్లేదు. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' ఎవరికీ నియమం కాలేదు. సుభాషితం కింద అది నప్పదు. 'ఆలస్యం అమృతం విషం' నప్పుతుంది. అది 'ఆలస్యాదమృతం విషం', ఆలస్యం వల్ల అమృతమూ విషమవుతుందని; విభక్తి రాలిపోయి మూడు మాటలు విడివిడిగా నిలబడ్డాయి, అయినా జనం అర్థం తప్పలేదు. నానుడిని నాడు + నుడి అనేవారున్నారు. కన్నడ 'నాణ్ణుడి' ఆ వాదానికి కొంత బలమిస్తుంది. లోకోక్తి, హితోక్తి గుణసంధులు, అర్థం పేర్లలోనే ఉంది. అన్నీ రాయాలనుకుంటే పైన 'నేటి మాట' అని పెట్టుకోండి, ఏ చిక్కూ ఉండదు.

పద్యం రాయించిన రోజు కింద మూడు మాటలకే అర్థం ఇవ్వండి: ఏయవి = ఏవి; ఉనికి = ఉండటం; పరాయణము = చివరికి చేరే చోటు. తక్కినది పిల్లలే కూడబలుక్కుంటారు. కుడివైపు చివర 'తిక్కన' అని రాయించండి; 'తిక్కన సోమయాజి' అన్నా ఒప్పే.