‘జెస్టర్ రేస్’ సౌండ్ పెడల్‌లో లేదు, రెండో గిటార్‌లో ఉంది

అడిగిన ప్రశ్న ఇది: “ఇన్ ఫ్లేమ్స్ బ్యాండ్ ‘ది జెస్టర్ రేస్’ ఆల్బమ్ గిటార్ సౌండ్ ఇంట్లో రావాలంటే ఏ డిస్టార్షన్ పెడల్ కొనాలి? నా దగ్గర ఒక గిటార్, 10 వాట్ల ఆంప్ ఉన్నాయి. 10–46 స్ట్రింగ్స్ వేశాను. ఎంత గెయిన్ పెంచినా బురదలా వస్తోంది.”

ఏ పెడలూ కొనకండి. ఆ డబ్బుతో లావు స్ట్రింగ్స్ సెట్టు ఒకటి కొనుక్కోండి, మిగిలింది దాచుకోండి. బురదకు కారణం పెడల్ లేకపోవడం కాదు, గెయిన్ (సౌండ్‌ను గరుకుగా మార్చే డిస్టార్షన్ మోతాదు) ఎక్కువవడం, తీగలు సన్నగా ఉండటం.

ముందు ఒక పొరపాటు సరిచేయాలి. స్వీడన్ డెత్ మెటల్ అనగానే బాస్ అనే కంపెనీ హెచ్‌ఎం-2 డిస్టార్షన్ పెడల్ కొని, దాని నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది స్టాక్‌హోమ్ సౌండ్. 1990లో ఎంటూమ్డ్ బ్యాండ్ సన్‌లైట్ స్టూడియోలో చేసిన తొలి ఆల్బమ్‌తో స్థిరపడింది, రంపంతో దుంగ కోసినట్టు ఉంటుంది. మీరు అడుగుతున్నది గోథెన్‌బర్గ్ సంగతి. రెండు ఊళ్ల మధ్య దాదాపు 400 కిలోమీటర్ల దూరం ఉంది, సంగీతంలో దూరం అంతకన్నా ఎక్కువ. ‘ది జెస్టర్ రేస్’ను గోథెన్‌బర్గ్‌లోని స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో రికార్డు చేశారు, 1996లో న్యూక్లియర్ బ్లాస్ట్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. అంతకు కొద్ది నెలల ముందే, 1995లో, అదే స్టూడియో నుంచి డార్క్ ట్రాంక్విలిటీ ‘ది గ్యాలరీ’, ఎట్ ద గేట్స్ ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ వచ్చాయి. ఈ మూడింట్లో అత్యంత మెలోడీ ఉన్నది జెస్టర్ రేసే అని నా గట్టి అభిప్రాయం. ఆ మెలోడీ అంతా యెస్పర్ స్ట్రోమ్‌బ్లాడ్, గ్లెన్ యుంగ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు గిటారిస్టులు ఒకరి మీద ఒకరు పేర్చిన గీతల్లో ఉంది (ఒక్కో గిటార్ వాయించే ట్యూన్‌నే గీత అంటున్నాను). హెచ్‌ఎం-2తో ఆ గీతలు రెండూ కలిసి ముద్దైపోతాయి.

ఇక ట్యూనింగ్. ఈ ఆల్బమ్ సీ స్టాండర్డ్‌లో ఉంటుంది. లావు తీగ నుంచి సన్న తీగ వరకు సీ, ఎఫ్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, జీ, సీ. అంటే మామూలు ట్యూనింగ్ కన్నా ప్రతి తీగా నాలుగు ఫ్రెట్లు (గిటార్ మెడ మీది మెట్లు) కిందికి. మీ 10–46 స్ట్రింగ్స్‌నే (సన్న తీగ మందం 10, లావు తీగ మందం 46, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అంత దించితే బిగువు దాదాపు 63 శాతానికి పడిపోతుంది. అప్పుడు తీగ ఫ్రెట్లకు కొట్టుకుని గరగరలాడుతుంది, గట్టిగా పిక్ చేసిన ప్రతిసారీ స్వరం ఒక్క క్షణం పైకి జారి కిందికి దిగుతుంది. మీరు బురద అంటున్నదాంట్లో సగం ఇదే. పాత బిగువు తిరిగి రావాలంటే గేజ్‌ను, అంటే తీగ మందాన్ని, సుమారు 1.26తో గుణించాలి. 10 కాస్తా 12.6 అవుతుంది, 46 కాస్తా 58 అవుతుంది. కాబట్టి 12–56 సెట్టు సరిపోతుంది. ఎర్నీ బాల్‌లో నాట్ ఈవెన్ స్లింకీ పేరుతో దొరికేది అదే.

స్ట్రింగ్స్ మార్చగానే పని అయిపోదు. 46 కోసం కోసిన నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే పట్టీ) గాడిలో 56 తీగ ఇరుక్కుంటుంది. ట్యూన్ చేస్తుంటే టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరిందంటే తీగ గాడిలో ఇరుక్కుందన్నమాట. రిపేరు చేసేవాళ్ల దగ్గర గాడి కాస్త ఫైల్ చేయించండి. తర్వాత ఇంటొనేషన్ చూడండి, అంటే మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉందో లేదో. 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా వేలు తాకించి హార్మోనిక్ మోగించండి, అదే ఫ్రెట్‌ను నొక్కి మోగించండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) నెక్‌కు దూరంగా జరపాలి, తగ్గుగా ఉంటే దగ్గరికి జరపాలి. ఇది సరిచేయకుండా హార్మొనీ (రెండు గిటార్లు ఒకేసారి వేర్వేరు స్వరాలు పలకడం) వాయిస్తే, మీ వేళ్లు ఎంత కరెక్టుగా పడినా రెండు గిటార్లూ కలవవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. హార్మొనీ అంటే రెండో గిటార్ అదే ట్యూన్‌ను మూడు ఫ్రెట్ల పైన వాయించడం అని చాలామంది అనుకుంటారు. అదే తప్పు. ఈ ఆల్బమ్‌లో ఎక్కువగా వినిపించే స్కేలు నేచురల్ మైనర్. మన లెక్కలో నటభైరవి. మధ్యలో నిషాదం పెరిగినచోట కీరవాణి ఛాయ తగులుతుంది. హార్మొనీ కట్టేటప్పుడు లెక్కపెట్టాల్సింది ఫ్రెట్లను కాదు, స్వరాలను. స మీద గ, రి మీద మ, గ మీద ప, మ మీద ద, ప మీద ని, ద మీద పై స, ని మీద పై రి. ఈ జతల్లో కొన్ని మూడు సెమీటోన్ల దూరం, కొన్ని నాలుగు (ఒక సెమీటోన్ అంటే ఒక ఫ్రెట్). ఆ తేడా వల్లే ట్యూన్ ప్రాణంతో ఉంటుంది.

గిటార్ మీద చూడండి. సీ స్టాండర్డ్‌లో రెండో తీగ జీ. దాని 5వ ఫ్రెట్‌ను షడ్జమం అనుకుంటే మొదటి గిటార్ 5, 7, 8, 10, 12, 13, 15 అని పైకి వెళ్తుంది. రెండో గిటార్ సన్నని సీ తీగ మీద 3, 5, 7, 8, 10, 12, 14 వాయించాలి. గుడ్డిగా మూడు సెమీటోన్లు కలుపుకుంటూ పోతే వచ్చేది 3, 5, 6, 8, 10, 11, 13. ఏడు స్వరాల్లో మూడు తప్పు. పంచమం ఉండాల్సినచోట ప్రతి మధ్యమం, షడ్జమం ఉండాల్సినచోట కాకలి నిషాదం, చతుశ్రుతి రిషభం ఉండాల్సినచోట శుద్ధ రిషభం పడతాయి. నటభైరవి వాయిస్తున్నవాడి పక్కన ఇంకొకడు వేరే రాగం ఎత్తుకున్నట్టు ఉంటుంది. మీకు రికార్డింగ్ సదుపాయం ఉంటే రెండు రకాలూ వాయించి వినండి, తేడా చెవికి తెలియడానికి పది సెకన్లు చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ రెండు గీతలనూ ఒకే గిటార్ మీద రెండు తీగలు కలిపి వాయించకండి. రెండు స్వరాలు ఒకే డిస్టార్షన్‌లోంచి వెళ్తే, వాటి ఫ్రీక్వెన్సీల మొత్తాలు, తేడాలు కొత్త స్వరాలుగా పుట్టి గుర్రుమంటాయి. పవర్ కార్డ్‌లో (స, ప జతలో) అవి మూల స్వరంతో సరిపోతాయి కాబట్టి దిట్టంగా వినిపిస్తుంది. స, గ లాంటి మూడో స్వరం జతలో సరిపోవు. వేర్వేరు గిటార్లు, వేర్వేరు ఆంప్‌లు అయితే ఈ గొడవే రాదు, రెండు గీతలూ విడిగా మెరుస్తాయి. మీకు ఒకే గిటార్ ఉంది కాబట్టి ఒకసారి వాయించి పూర్తిగా ఎడమకు పెట్టండి, రెండోది వాయించి పూర్తిగా కుడికి పెట్టండి. రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలు) కూడా అంతే, రెండుసార్లు వాయించాలి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండువైపులా పెడితే అది మోనోనే, వెడల్పు రాదు.

హార్మొనీ గీతల్లో వైబ్రాటో కట్టేయండి. చిన్నప్పటినుంచి గమకాలు వింటూ పెరిగిన చెవులకు ప్రతి స్వరాన్నీ ఊపాలనిపిస్తుంది, కానీ ఇద్దరు వేర్వేరుగా ఊపితే జత విడిపోతుంది. పదబంధం చివరి స్వరం మీద మాత్రం ఊపండి, అదీ రెండు టేకుల్లోనూ ఒకే వేగంతో.

ఆంప్ సెట్టింగు: గెయిన్ 10కి 5 లేదా 6, బేస్ 4, మిడ్ 6, ట్రెబుల్ 6. మిడ్‌ను సున్నా చేసి వీడియోల్లో చూపించే సెట్టింగు గదిలో ఒంటరిగా బాగుంటుంది, డ్రమ్స్ రాగానే మాయమైపోతుంది. మీ లావు తీగ సీ స్వరం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చిన్న ఆంప్ స్పీకర్ అక్కడిదాకా దిగలేదు. బేస్ పెంచినకొద్దీ పెరిగేది ఆ స్వరం కాదు, డబ్బా మోత. ఆ కింది భాగం బేస్ గిటార్‌కు వదిలేయండి.

ఫోన్ స్పీకర్‌లో ఈ ఆల్బమ్ వినడం మాత్రం మానేయండి. చాలా ఫోన్లలో కుడి ఎడమలు రెండూ దాదాపు ఒకే చోటినుంచి వస్తాయి, ఇద్దరు గిటారిస్టులు ఒకడైపోతారు. ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్‌లు (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో చూపే రాతలు) కూడా చాలావరకు రెండు గీతలనూ కలిపేసి ఒకటే రాస్తున్నాయి. అది చదివి నేర్చుకున్నవాళ్లు ఇది మామూలు రిఫ్‌ల ఆల్బమ్ అని చెబుతుంటే బాధేస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి ఎడమది తీసేసి, ఒకసారి కుడిది తీసేసి వినండి, ఒక్కో వైపు ఒక్కో గీత ముందుకొస్తుంది. అప్పుడు డ్రమ్స్ కూడా గమనించండి. వాయించింది బ్యోర్న్ గెలొట్టె, తర్వాతి రోజుల్లో అదే బ్యాండ్‌లో గిటారిస్టు అయ్యాడు. గీతకు అడ్డం రాకుండా ఎక్కడ తగ్గాలో ఆ వాయింపులో తెలుస్తుంది.

ముందు ఈ ఆల్బమ్‌లోని ‘ద జెస్టర్స్ డాన్స్’ పట్టుకోండి. రెండు నిమిషాల పైచిలుకు, పాడేది ఏమీ లేదు, గిటార్లే మాట్లాడతాయి. మెట్రోనోమ్ 80 దగ్గర మొదలుపెట్టి, వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచండి. ‘మూన్‌షీల్డ్’ తర్వాత. ‘డిసెంబర్ ఫ్లవర్’ సోలో జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది డార్క్ ట్రాంక్విలిటీ నుంచి వచ్చిన ఫ్రెడ్రిక్ యోహాన్సన్ వాయించింది, దాని పద్ధతే వేరు. ఒకవేళ మీది ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి (స్ప్రింగుల మీద కదిలే రకం) అయితే తీగలన్నీ ఒకేసారి తీసేయకండి. ఒక్కొక్కటే మార్చి, వెనక స్ప్రింగుల స్క్రూలను పావు తిప్పు చొప్పున సరిచేస్తూ బ్రిడ్జి సమంగా కూర్చున్నాకే చివరి ట్యూనింగ్ చేయండి.