పాత గనిని కాపాడే పనిలో ముందు చూడవలసినవి

చి. శైలజకు, బెంగళూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

కోలారు బంగారు గనుల్లో ఒక షాఫ్టును, అంటే గనిలోకి నిలువుగా దిగే బావిని, దాని చుట్టూ ఉన్న కట్టడాలను పారిశ్రామిక వారసత్వంగా కాపాడడానికి ప్రతిపాదన రాస్తున్నావని తెలిసి సంతోషించాను. నీ చిత్తుప్రతిలో గోడల మరమ్మతు మొదటి పనిగా ఉంది. దాన్ని వెనక్కి జరుపు.

షాఫ్టు మీద గోపురంలా నిలిచే ఉక్కు చట్రం (హెడ్‌గేరు), దాని పైచక్రాల మీదుగా దిగే తాడు, ఆ తాడు చుట్టుకొనే డ్రమ్ము ఉన్న వైండింగు గది, ఇవన్నీ కలిసి ఒకే యంత్రం. హెడ్‌గేరును ఒంటరిగా నిలబెట్టి మిగతాదాన్ని తుక్కు కింద అమ్మేస్తే, అక్కడ ఏం జరిగేదో చూసేవాడికి అర్థం కాదు. అక్కడి గనుల్లో ఒకటైన చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతున, తాడుకు వేలాడుతూ మనుషులను దించే కేజ్ (పంజరం లాంటి లిఫ్టు) ఎక్కడుందో కంటికి కనబడదు కనుక, వైండింగు డ్రైవరు తన ఎదుటి లోతు సూచికలోని ముల్లును, కింది నుంచి వచ్చే గంటల సంకేతాలను నమ్ముకొనే మనుషులను దించేవాడు. ఆ ముల్లు, ఆ గంటల పలక చిన్న వస్తువులు కాబట్టి ముందుగా మాయమయ్యేవి అవే. మొదట వాటికి ఫొటోలు తీసి, జాబితా రాసి, తలుపులకు తాళాలు వేయించు.

1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు కరెంటు ఇచ్చారు. మన బెంగళూరు వీధులకు అది 1905లో గాని రాలేదు. అందువల్ల పాత సబ్‌స్టేషను కూడా నీ పరిధిలోకి రావాలి.

సందర్శకులను భూగర్భంలోకి దించే ఆలోచన మాత్రం మానుకో. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక పంపులు ఆగి లోపల నీరు చేరింది. పనులు నడుస్తున్న రోజుల్లోనే రాతి పేలుళ్లకు (లోతున ఒత్తిడికి రాయి దానంతటదే పగిలి ఎగరడానికి) పేరుపడిన గని అది. షాఫ్టు నోటికి గట్టి కంచె, చుట్టుపక్కల నేల కుంగుతోందో లేదో తేల్చే నిపుణుల నివేదిక, ఈ రెండూ లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకు. సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన పొడి దిబ్బలూ చరిత్రలో భాగమే, కాని గాలికి లేచే ఆ దుమ్ము ఊరి మీదే పడుతుంది, కనుక వాటిని దూరం నుంచి చూపితే చాలు.

దొరల బంగళాలను కాపాడడానికి ఎవరైనా ముందుకొస్తారు, అవి చూడముచ్చటగా ఉంటాయి. నువ్వు కూలీల లైన్లలో (వరుస ఇళ్లలో) కనీసం ఒక వరుసనైనా ఉన్నది ఉన్నట్టుగా నిలుపు. చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కుటుంబాలవి; వాళ్లలో వైండింగు పని చేసినవారు దొరికితే తెలుగులోనో తమిళంలోనో వాళ్ల మాటలను రికార్డు చెయ్యి. నక్షలు, హాజరు పట్టీలు ఏ గదిలో ఉన్నా, చెదలు పట్టకముందే అనుమతి తీసుకొని స్కాన్ చేయించు.

మీ మామయ్య