పెద్ద అల్లాయ్‌లు వేశాక స్విఫ్ట్ మైలేజ్ పడిపోయిందా?

165/80 ఆర్14 టైర్లు (165 మి.మీ. వెడల్పు, 14 అంగుళాల రిమ్) తీసేసి 195/60 ఆర్16 అల్లాయ్‌లు వేయించాక మీ స్విఫ్ట్ మైలేజ్ లీటరుకు 19 కి.మీ. నుంచి 16.5కి పడిందని, ఇంజిన్ పాడైందేమోనని టెన్షన్ పడుతున్నారు కదండీ. ఇంజిన్ జోలికి వెళ్లకండి, ముందు లెక్క చూద్దాం.

టైరుతో కలిపి పాత చక్రం ఎత్తు దాదాపు 620 మి.మీ., కొత్తది 640. మీటర్ చక్రం తిరిగిన చుట్లనే లెక్కేస్తుంది కాబట్టి, అది 100 కిలోమీటర్లు చూపిస్తే బండి నిజానికి 103 దాటి తిరిగింది. అంటే మీ 16.5 అసలు 17.

మిగతా తేడాకి చాలామంది బరువునే తిడతారు. చక్రానికి 3 కిలోలు పెరిగిందనుకుందాం, నాలుగింటికి 12. అంచున ఉన్న బరువు ముందుకు కదలాలి, గుండ్రంగా తిరగాలి కూడా. అందుకే బండి వేగం అందుకునేటప్పుడు అది దాదాపు రెట్టింపు బరువులా పనిచేస్తుంది. అయినా డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టినంతే. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ట్రాఫిక్‌లో కొంత తెలుస్తుంది, హైవేలో ఒకే స్పీడ్‌లో వెళ్తే దాదాపు తెలియదు.

నాకైతే టైరు మీదే అనుమానం. వెడల్పు 30 మి.మీ. పెరిగింది, గాలికి అడ్డు పెరిగింది. రోడ్డు పట్టు కోసం చేసిన మెత్తటి రబ్బరైతే దొర్లడానికే ఎక్కువ పెట్రోల్ తాగుతుంది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చెక్ చేయించండి. ట్యాంక్ ఫుల్ చేసి, జీపీఎస్ కిలోమీటర్లతో మైలేజ్ లెక్కేయండి. అప్పటికీ తక్కువే వస్తే ఈ సెట్ అమ్మేసి 185/65 ఆర్15కి మారండి. స్విఫ్ట్ పై వేరియంట్లకు కంపెనీ ఇచ్చిన సైజే అది, ఎత్తు కూడా పాతదానికి దాదాపు సమానం. కొనేముందు అల్లాయ్‌ని ఒకసారి కాటా మీద పెట్టించండి.