ప్రేమ నవలలో ఆ అమ్మాయి జీతమెంత?

"ఈమధ్య వస్తున్న ప్రేమ నవలలు చదవదగ్గవేనా? ఉన్నదున్నట్టు చెప్పండి" అని అడిగారు. చదవొచ్చండీ. ఫోన్లో కథల యాప్‌లో సీరియల్‌గా వచ్చేవి నేను రోజూ చదువుతాను, పొద్దున గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే రైల్లో ఒక భాగం, సాయంత్రం తిరుగు రైల్లో ఇంకొకటి. కాకపోతే మొదటి మూడు భాగాల్లో కథలోని అమ్మాయి ఏం పని చేస్తుందో, ఆ ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో తెలియకపోతే నాలుగో భాగం తెరవను. ఈ పట్టింపు నాకు మొదట్నుంచీ ఉన్నది కాదు. రెండు నెలల కిందట ఆస్పత్రిలో పట్టుకుంది.

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. రెండో రోజు రాత్రి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చినా నిద్ర పట్టలేదు. ఇద్దరు పేషెంట్లుండే గది, మధ్యలో ఆకుపచ్చ తెర. పక్క మంచం మీద ఒక పెద్దావిడ, కింద చాప మీద ఆవిడ కోడలు. పదకొండు దాటింది. "ఏదన్నా చదవ్వే, మనసు అటు పోతుంది" అంది అమ్మ.

అమ్మ మామూలు పాఠకురాలు కాదు. పెళ్లికి ముందు తెనాలిలో అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకి పావలా ఇచ్చి నవల తెచ్చుకునేది. ఆ పావలాలో సగం పక్కింటి పిన్నిగారు పెట్టుకునేవారట. పగలు ఆవిడ చదివితే రాత్రి అమ్మ చదివేది, పొద్దున్నే పుస్తకం వెనక్కి. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ల కాగితాలు చింపి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టుకుంది. వాటిలో రెండు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. 2018 మేలో నవలా రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి గారు పోయారని టీవీలో చెప్పినప్పుడు అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. అలాంటి మనిషికి నేను ఫోన్లో ఆ వారం చదువుతున్న సీరియల్ వినిపించడం మొదలుపెట్టాను.

కథ మీకు తెలిసిన రకమే. హీరో ఒక పెద్ద కంపెనీకి సీఈవో, వయసు ఇరవై ఎనిమిది. ఆ అమ్మాయి అదే ఆఫీసులో కొత్తగా చేరింది. నేను చదువుతున్న భాగంలో ఆమెకి ఎవరో స్నేహితుడు ఫోన్ చేస్తాడు. హీరో వచ్చి మణికట్టు పట్టుకుని, ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొడతాడు. ఫోన్ ముక్కలవుతుంది. ఆమె గుండె ఝల్లుమంటుంది, ఇంత ప్రేమా అనుకుంటుంది.

అమ్మ కళ్లు మూసుకునే ఉంది. "ఆగవే. ఆ ఫోన్ ఎంత?" అంది.

"రాయలేదమ్మా."

"ఎవరి డబ్బుతో కొనుక్కుంది?"

అదీ రాయలేదు. పన్నెండు భాగాలు చదివాను, ఒక్క చోటా రాయలేదు.

"పోనీ, కొత్తది కొనిచ్చాడా?"

చూద్దామని తర్వాతి భాగం నొక్కితే తాళం పడి ఉంది. డబ్బు పెట్టి యాప్ కాయిన్లు కొంటేనే తెరుచుకుంటుంది. అప్పుడు తెర అవతల నుంచి ఆ కోడలి గొంతు వినిపించింది. అత్తగారు లేస్తారేమోనని చాలా మెల్లగా మాట్లాడింది. "కొనివ్వడు మామ్మగారూ. మా ఆయన కూడా ఓసారి నేలకేసి కొట్టాడు. అద్దం మార్పించడానికి పద్దెనిమిది వందలైంది. చీటీకి కట్టాల్సిన డబ్బు. ఆ నెల చీటీ ఆపాను."

ఎవరం ఏమీ అనలేదు. కాసేపటికి అమ్మ, "ఇలా రామ్మా, ఇక్కడ కూర్చో" అంది. ఆ పిల్ల తెర పక్కకి జరిపి వచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చుంది. చేతిలో ఆ ఫోనే ఉంది. కొత్త అద్దం మీద వేసిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు, అంచుల్లో బుడగలు. సీరియల్ అక్కడితో ఆపేశాను. మళ్లీ తెరవలేదు.

ఇప్పుడొస్తున్న ప్రేమ కథల్లో చాలావాటి జబ్బు ఇదేనని అప్పట్నుంచీ నా నమ్మకం. అందులో డబ్బుకి విలువ లేదు కాబట్టి దెబ్బకీ విలువ లేదు. పగిలిన వస్తువు ఎవరిదో, దానికి ఎన్ని రోజులు పని చేయాలో రాస్తే, ఆ గోడకేసి కొట్టడం ప్రేమలా కనిపించే వీలే లేదు. పాఠకురాలు వెంటనే పట్టేస్తుంది. రాయరు కాబట్టే చెల్లుతోంది.

పాత నవలల్లో మాత్రం కార్లలో తిరిగే ఆరడుగుల హీరోలు లేరా అని మీరు అడుగుతారు. ఉన్నారు, కాదనను. అమ్మ కూడా వాళ్ల కోసమే పావలాలు పోసింది, యద్దనపూడి నవల 'సెక్రటరీ'ని 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా తీస్తే అదీ చూసింది. కానీ ఆ నవల పేరు చూడండి. అది ఉద్యోగం పేరు. అందులో హీరోయిన్ జయంతి పనికి వెళ్లకపోతే అక్కడ కథే లేదు. మధ్యతరగతి ఆడపిల్ల గడప దాటి ఆఫీసుకెళ్లడమే అప్పుడు పెద్ద సంగతి. దానికి ప్రేమ తోడైంది. ఇప్పుడు చాలామంది అమ్మాయిలు ఉద్యోగాలు చేస్తున్నారు, నవలల్లో మాత్రం ఆఫీసంటే లిఫ్టులో హీరోకి తగలడానికి ఒక చోటు. సాయంత్రం ఐదున్నరకి బస్సు దొరక్క నిలబడ్డ అమ్మాయి కాళ్ల నొప్పి ఎవరూ రాయరేం?

మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో ఉంటుంది, ఇంగ్లీషు రొమాన్సులు చదువుతుంది. నాకు ఆస్పత్రి సంగతి విని అమెరికన్ రచయిత్రి కొలీన్ హూవర్ నవల 'ఇట్ ఎండ్స్ విత్ అస్' ఇచ్చింది. 2016లో వచ్చిన పుస్తకం. చేయి చేసుకునే మనిషిని అందంగా చూపించారని దాన్ని తిట్టేవాళ్లున్నారు. భర్త పెద్ద డాక్టరు, డబ్బుకి లోటు లేని ఇల్లు, అది నాకూ కొంచెం విసుగే. అయినా నేను ఆ పుస్తకం వైపే ఉంటాను. ఆ కథలో అమ్మాయికి సొంత పూల దుకాణం ఉంది. తన సంపాదన, తన గుమ్మం ఉన్నాయి కాబట్టే కూతురు పుట్టాక అతన్ని వదిలి నిలబడగలిగింది. ఆ దుకాణం తీసేస్తే ఆ ముగింపు నేను నమ్మను.

అన్నట్టు ఆ తాళాల గురించి కూడా చెప్పాలి. రాసేవాళ్లకి డబ్బు రావాలి, నేనూ కడతాను. కానీ తాళం కోసం ప్రతి భాగాన్నీ ఉలిక్కిపాటుతో ఆపాలని రచయిత్రులు నేర్చుకున్నారు. తలుపు చప్పుడు, ఫోన్ మోత, స్పృహ తప్పడం. రెండొందల భాగాల్లో నలభైసార్లు స్పృహ తప్పే పిల్లని ముందు డాక్టరుకి చూపించాలి. ఇక బొమ్మలు. కథ రాజమండ్రిలో జరుగుతుంది, ముఖచిత్రం మీద ఏ దేశం వాళ్లో తెలియని మొహాలు. 'శ'కీ 'ష'కీ తేడా లేకుండా అచ్చవుతున్నాయి. చదివి దిద్దేవాళ్లు ఒక్కరు లేరు. వారపత్రికల రోజుల్లో ఎడిటర్ అనే మనిషి ఉండేవాడు, కథ సాగితే కోసేవాడు. ఆ మనిషి పోవడం తెలుగు నవలకి జరిగిన అతిపెద్ద నష్టం.

మంచివి లేవని మాత్రం అనకండి. మూడో రోజు రాత్రి అదే యాప్‌లో వెతికితే ఒకటి దొరికింది. పెద్దగా పేరు లేని రచయిత్రి, చదివినవాళ్లు వందల్లోనే ఉన్నారు. ఒక అమ్మాయి బట్టల షాపులో పని చేస్తుంది, స్కూటీకి నెలకి రెండు వేల నాలుగొందలు బాకీ కడుతుంటుంది. టిఫిన్ బండి నడిపే అబ్బాయి రోజూ ఆమెకి ఇడ్లీ కడతాడు. నెలాఖర్లో ఆమె రెండు రోజులు రాదు. మూడో రోజు అతను ఏమీ అడక్కుండా, "ఖాతా పెట్టుకోండి, ఒకటో తారీకు ఇద్దురు" అని చిన్న పుస్తకంలో ఆమె పేరు రాస్తాడు. పేరు పక్కన గారు అని కూడా రాస్తాడు. అంతే, ఆ భాగంలో ఇంకేం జరగదు. అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. పక్క మంచం కోడలు తన ఫోన్లో ఆ కథ పేరు వెతికిపెట్టుకుంది.

ఇరవై మూడు భాగాల దగ్గర ఆ సీరియల్ ఆగిపోయింది. రచయిత్రికి రెండుసార్లు మెసేజ్ పెట్టాను, జవాబు రాలేదు. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లో నడుస్తోంది, గోడ దాకా వెళ్లి తిరిగొచ్చినప్పుడల్లా "ఆ పిల్ల స్కూటీ బాకీ తీరిందంటావా?" అని అడుగుతుంది. ఫిజియోథెరపీ ఇంకా నెల రోజులుంది. ఇలాంటి కథలు మీకు తెలిసినవి ఉంటే కింద పేర్లు రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను.