అన్నం తిన్నాకే వేసుకున్నారు కదా, మరి పుండెలా పడింది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అత్తగారికి 68 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి రోజూ ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రను మూడు నెలలుగా ఉదయం, రాత్రి వాడారు. అదీ ఏనాడూ పరగడుపున కాదు, అన్నం తిన్నాకే. కడుపులో నొప్పి గానీ మంట గానీ లేవు. పోయిన నెలలో రెండు రోజులు మలం తారులా నల్లగా వచ్చింది, మూడో రోజు పొద్దున స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి, జీర్ణాశయంలో పుండు పడి రక్తం కారుతోందని చెప్పి, రెండు సీసాల రక్తం ఎక్కించారు. తిన్నాక వేసుకున్న మాత్ర పుండెలా చేసింది? నొప్పి ఎందుకు తెలియలేదు? ఇక మోకాళ్ళకు ఏం వాడాలి? మాత్రల అట్ట ఫొటో జత చేశాను.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఫొటో చూశాను. అట్ట వెనక చిన్న అక్షరాల్లో అసెక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు అని ఉంది. పారాసెటమాల్ పేరు కనబడేసరికి చాలామంది దీన్ని జ్వరం గోలీ లాంటిదే అనుకుంటారు కానీ, వాపును తగ్గించేదీ, ముప్పు తెచ్చేదీ దానికి ముందున్న పేరే. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, నాప్రోక్సెన్ కూడా ఆ కుటుంబానివే. గుండెకు వేసుకునే ఆస్పిరిన్ సైతం అందులోదే కనుక, మీ అత్తగారు మూడు నెలలపాటు తెలియకుండానే ఒకే జాతి మందులు రెండు కలిపి వాడారన్నమాట.

మన జీర్ణాశయంలో ఊరే ఆమ్లం తిన్న మాంసాన్ని అరగించగలిగినా, జీర్ణాశయపు గోడను మాత్రం తినేయకుండా ఉంటోందంటే, ఆ గోడ మీద జిగురు పొర ఒకటి ఎప్పటికప్పుడు కొత్తగా ఏర్పడుతూ ఉండడం, గోడలోకి రక్తం ధారాళంగా అందుతూ ఉండడం అందుకు కారణాలు. ఈ రెండింటినీ నడిపించేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. వాపునూ నొప్పినీ పెంచేవి కూడా అవే. ఆస్పిరిన్ వాటి తయారీని అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ చూపించారు. ఆ కృషికి 1982లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. మోకాలిలో వాటిని ఆపిన మాత్ర జీర్ణాశయంలోనూ ఆపుతుంది, ఎందుకంటే అది పనిచేసేది ప్రధానంగా రక్తంలో కలిసిన తరవాతే. కాబట్టి ముందుగా అన్నం తినడం వల్ల మంట, వికారం కొంత తగ్గవచ్చు గానీ పుండు పడకుండా కాపాడుకోలేము. మాత్రకు బదులు ఇంజెక్షన్ తీసుకున్నా, పేగులోకి వెళ్ళాకే కరిగే పూత ఉన్న మాత్ర వాడినా ఇదే వరస.

దీనికి ఆస్పిరిన్ తోడైతే సంగతి ఇంకా ముదురుతుంది. గాయం దగ్గర రక్తం గడ్డకట్టడానికి ముందుగా చేరే ప్లేట్‌లెట్లను ఆస్పిరిన్ వాటి ఆయుష్షంతా, అంటే వారం పది రోజులు, పనిచేయనివ్వదు. ఒక మందు పుండు చేస్తుంది, రెండోది దాన్ని మానకుండా కారనిస్తుంది. వయసు 65 దాటడం, గతంలో అల్సర్ ఉండడం, స్టెరాయిడ్లు, రక్తాన్ని పలచబరిచే మందులు, కొన్ని డిప్రెషన్ మందులు, మద్యం కూడా ఈ ముప్పును పెంచేవే.

నొప్పి తెలియకపోవడంలో వింత లేదు. ఈ మందుల వల్ల పడే పుండ్లలో చాలావాటికి, ముఖ్యంగా పెద్దవయసులో, రక్తం కారేదాకా ఏ సూచనా ఉండదు. పైగా వేసుకుంటున్నదే నొప్పి మాత్ర. నా దగ్గరికి వచ్చేవారిని “నొప్పి మాత్రలు వాడుతున్నారా?” అంటే లేదంటారు. “మోకాళ్ళకు?” అంటే సంచిలోంచి అట్ట తీస్తారు. ఇందులో మీ అత్తగారి తప్పేమీ లేదు. ఆస్పిరిన్ వాడుతున్నారా అని అమ్మేవారు ఒక్క మాట అడగవలసింది.

మోకాళ్ళకు ముందుగా పైపూత డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడండి, అది రక్తంలో కలిసేది చాలా కొద్ది. పారాసెటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర జీర్ణాశయానికి మేలే గానీ, కీళ్ళ అరుగుదల నొప్పికి అంతగా పనిచేయదని నిజాయితీగా చెప్పాలి. తొడ కండరాలను గట్టిపరిచే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఏ మాత్రకన్నా ఎక్కువకాలం ఆసరాగా ఉంటాయి. జీర్ణాశయానికి కొంత నయమని చెప్పే సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్‌ల జోలికి మాత్రం వెళ్ళవద్దు. ఆ తరగతికే చెందిన రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల ముప్పు వల్ల 2004లో మార్కెట్ నుంచి తీసేశారు, మీ అత్తగారికేమో స్టెంటు ఉంది.

ఆస్పిరిన్‌ను భయపడి మీ అంతట మీరు ఆపకండి, స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు, ఎలా కొనసాగించాలో గుండె డాక్టరూ, ఎండోస్కోపీ చేసిన డాక్టరూ కలిసి చెప్పాలి. దానితోపాటు ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వంటి మాత్ర సాధారణంగా ఉండి తీరాలి. హెలికోబాక్టర్ పైలోరి పరీక్ష చేశారో లేదో కూడా అడగండి. ఆ క్రిమి ఉన్నవారిలో ఈ మందుల హాని హెచ్చుతుంది. రక్తం కారుతున్నప్పుడు గానీ, పాంటోప్రజోల్ వాడుతుండగా గానీ చేసిన పరీక్షలో లేదని వస్తే మరోసారి చూడడం మంచిది.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. నడుము నొప్పికి ఏడాదిగా నాప్రోక్సెన్ వాడుతూ, ముందు జాగ్రత్తగా రోజూ గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నాను. హిమోగ్లోబిన్ 13.5 నుంచి 9.2కు పడిపోయింది. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. రక్తం ఎటు పోతోంది?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: గ్యాస్ మాత్ర కాపాడేది ఆమ్లం ఉన్న చోటనే, అంటే జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ. ఆ తరవాత ఉన్న మీటర్ల పొడవు చిన్నపేగుకు దానివల్ల రక్షణ లేదు, మామూలు ఎండోస్కోపీ గొట్టం అంతదూరం వెళ్ళదు కూడా. నాప్రోక్సెన్ అక్కడ చిన్న చిన్న పుండ్లు చేసి, కంటికి కనబడనంత కొద్దికొద్దిగా రక్తం కారనివ్వగలదు. మీ డాక్టరును కలిసి ఆ మందు ఆపడమెలాగో, మలంలో దాగిన రక్తం, ఐరన్ నిల్వల పరీక్షలు చేయించుకోవడమెలాగో మాట్లాడండి. పెద్దపేగులో వేరే కారణాలు ఉండవచ్చు కనుక కొలొనోస్కోపీని వాయిదా వేయకండి. అదీ బాగుంటే, మాత్రలా మింగే కెమెరాతో చిన్నపేగును చూస్తారు. నెలల తరబడి నడుము నొప్పి ఎందుకుందో ఎవరైనా చూశారా అన్నది వేరే ప్రశ్న, అదీ అడగవలసిందే.

ప్రశ్న: ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే మలం నల్లగా వస్తోంది. ఇదీ రక్తమేనా?
– ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: ఐరన్ వల్ల మలం ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపులో, ఎప్పటిలాగే గట్టిగా వస్తుంది. రక్తమైతే తారులా మెరుస్తూ, నీళ్ళు పోసినా వదలకుండా అంటుకుంటుంది, ఎన్నడూ లేని దుర్వాసన వస్తుంది. అలా ఉన్నా, వాంతిలో కాఫీ పొడి వంటిది కనబడినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్ళండి.