కళ్లద్దాల మీద ఆవిరి

ఈ అక్టోబరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదవడానికి జర్మనీలోని గోటింగెన్ రాబోతున్న విజయనగరం కుర్రవాడి సందేహం ఇది: "అన్నా, వచ్చేలోపు ఏయే పుస్తకాలు పూర్తి చేయాలి? క్వాంటమ్ మెకానిక్స్ రెండుసార్లు చదివాను. చాలదా?"

చాలు తమ్ముడూ, ఎక్కువే అయింది. మన కాలేజీల్లో బాగా చదివిన వాళ్లకు ఇక్కడి పాఠాలు కొరుకుడు పడకపోవు. చదివిన దాన్ని నలుగురి ముందు నోరు తెరిచి చెప్పాల్సి వచ్చినప్పుడే చెమటలు పడతాయి.

ఇక్కడ ఉపన్యాసంతో పాటు 'యూబుంగ్' అని అభ్యాస తరగతి ఉంటుంది. వారం వారం ఒక లెక్కల కాగితం ఇస్తారు. చాలా కోర్సుల్లో ఆ లెక్కల్లో నిర్ణీత భాగం సాధిస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. ఆ భాగం ఎంతో మొదటి తరగతిలోనే అడిగి తెలుసుకో. ఇద్దరు ముగ్గురు కలిసి కుస్తీ పట్టడం తప్పు కాదు, పద్ధతే అది. కానీ బోర్డు దగ్గరకు పిలిచినప్పుడు సుద్దముక్క నీ చేతిలోనే ఉంటుంది, పక్కవాడి చేతిలో కాదు. "సమీకరణంలో ఈ పదాన్ని ఎందుకు వదిలేశావు?" అని అడిగితే "పుస్తకంలో వదిలేశారు" అన్నది జవాబు కాదు. నేను అదే చెప్పాను మరి!

చాలా పరీక్షలు మౌఖికంగానే జరుగుతాయి. అరగంట సేపు ఒక ప్రొఫెసరు, పక్కన రాసుకునే మనిషి, నువ్వు. నా స్టాటిస్టికల్ ఫిజిక్స్ పరీక్ష ఫిబ్రవరిలో వచ్చింది. బయట మంచు. గదిలో అడుగు పెట్టగానే కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుంటుంటే ప్రొఫెసరు నవ్వి, "అదెందుకు జరిగిందో చెప్పండి, అక్కడి నుంచే మొదలుపెడదాం" అన్నారు.

ఆ సబ్జెక్టుకు పునాది లాంటి సూత్రం, పార్టిషన్ ఫంక్షన్, నాకు కంఠస్థం. కళ్లద్దాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. "తెలియదు, ఆలోచిస్తాను" అనడానికి నామోషీ వేసి, వచ్చిన సూత్రాలన్నీ బోర్డు నిండా రాసి పారేశాను. ఆయన ఓపికగా చూసి, "అన్నీ సరైనవే. ఇందులో కళ్లద్దాలు ఎక్కడున్నాయి?" అన్నారు.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. గాజును తాకిన గాలి చల్లబడుతుంది, ఆ చల్లదనంలో ఆవిరి అంత దట్టంగా నిలవలేక నీరవుతుంది. ఆ రెండు ముక్కలు చెబితే, అక్కడి నుంచి కెమికల్ పొటెన్షియల్ (కణాలు ఆవిరి, నీరు వంటి రూపాల్లో ఎటు మొగ్గుతాయో చెప్పే రాశి) దాకా ఆయనే చేయి పట్టుకొని నడిపించేవారు.

3.7 వచ్చింది. ఇక్కడ 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు, 4.0తో గట్టెక్కుతాం, అది దాటితే తప్పినట్టే. మా నాన్న మాత్రం నాలుగుకు 3.7 అనుకొని వీధంతా మిఠాయి పంచారు. నేను సరిదిద్దలేదు.

నాకు ఊరటనిచ్చిన కథ ఒకటుంది, క్వాంటమ్ మెకానిక్స్ ఆద్యుల్లో ఒకడైన హైసెన్‌బర్గ్‌ది. 1923లో మ్యూనిక్‌లో హైసెన్‌బర్గ్ డాక్టరేట్ మౌఖిక పరీక్షలో ప్రొఫెసరు విల్హెల్మ్ వీన్ మైక్రోస్కోప్ విభేదన సామర్థ్యం (దగ్గరదగ్గరి చుక్కల్ని విడివిడిగా చూపే శక్తి) గురించి, బ్యాటరీ పనిచేసే తీరు గురించి అడిగితే అతను తెల్లమొహం వేశాడు. అత్తెసరు గ్రేడుతో బయటపడి ఈ ఊరికే, ఇక్కడి ప్రొఫెసరు మాక్స్ బోర్న్ దగ్గరకే వచ్చాడు. రెండేళ్లకు, 1925లో, క్వాంటమ్ మెకానిక్స్ తొలి రూపమైన మ్యాట్రిక్స్ మెకానిక్స్ ఇక్కడ రూపు దిద్దుకుంది. 1933లో నాజీలు బోర్న్‌ను ఉద్యోగంలోంచి తప్పించారు. తర్వాత సి.వి. రామన్ పిలుపుతో ఆయన కొన్ని నెలలు బెంగళూరులో పనిచేశారు.

నువ్వు వచ్చిన మొదటి ఆదివారం కొట్లన్నీ మూసి ఉంటాయి, దిక్కు తోచదు. ఆ రోజు ఊరి శ్మశానానికి, స్టాట్‌ఫ్రీడ్‌హోఫ్‌కు వెళ్లు. అపశకునం అనుకోకు. క్వాంటమ్ సిద్ధాంతానికి నాంది పలికిన ప్లాంక్ సమాధిరాయి అడుగున ఆయన పేరిట ఉన్న స్థిరాంకం విలువ చెక్కి ఉంటుంది. బోర్న్ రాయి మీద, స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ గుణించే వరస మారితే ఫలితం మారుతుందన్న సమీకరణం ఉంటుంది. పరీక్షకు ముందు నేను పుస్తకం ముట్టకుండా అక్కడికే పోయేవాణ్ని.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. గోటింగెన్ ఉన్న ఈ లోయర్ సాక్సనీ రాష్ట్రంలో 2014 నుంచి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరు రుసుము మాత్రం కట్టాలి. వీసాకు ముందు, మన చదువు పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతే అని తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, నెలకు 992 చొప్పున. ఈ అంకె మారుతూ ఉంటుంది, కట్టే ముందు మరోసారి చూసుకో. యూనివర్సిటీలో సీటు ఖాయమైన రోజే హాస్టల్ గదికి దరఖాస్తు పెట్టు, "వచ్చాక చూద్దాం" అన్నవాళ్లు స్నేహితుల సోఫాల మీద పడుకున్నారు. చిరునామా నమోదుకు రెండు వారాలే గడువు.

పాఠాలు ఇంగ్లీషులోనే అయినా జర్మన్ నేర్చుకొని రా. వర్క్‌షాపులో నీ పరికరానికి స్క్రూ మరలు కోసిపెట్టే పెద్దాయనతో మాట్లాడాలంటే అదే గతి. నా ప్రయోగాన్ని రెండుసార్లు ఒడ్డున పడేసింది ఆయనే. రెండో ఏడాదికల్లా 'హీవీ' పని అడుగు. అంటే చిన్న తరగతులకు యూబుంగ్ చెప్పడమో, ప్రయోగశాలలో చేయి అందించడమో. జీతం తక్కువే, కానీ ఎదుటివాడి ప్రశ్నకు జవాబు చెప్పడం అక్కడే అలవాటైంది నాకు.

ఇక పుస్తకాలు బరువు, లైబ్రరీలో దొరుకుతాయి. ఆ కిలోల్లో కందిపొడి, ఆవకాయ తెచ్చుకో. సైకిలు మాత్రం ఇక్కడే పాతది కొనుక్కో. కొనేటప్పుడు గేర్లు సరిగా పడుతున్నాయో లేదో చూడు. ఫిజిక్స్ విభాగం ఊరికి ఉత్తరాన, ఎత్తు మీద ఉంది.